తోడికోడళ్ళ ఇంగ్లీషు

స్టాన్లీ మాస్టారింట్లో పొద్దున్నే పాలు పోసే అప్పారావు బడి గుమ్మం ఎక్కినవాడు కాదు. అయినా, పాలలో నీళ్ళు కలిస్తే ఇంగ్లీషులో మూడు రకాలుగా తిట్టవచ్చని అతనికి తెలుసు. థిన్, వాటరీ, డైల్యూటెడ్. రోజూ వినీ వినీ నోటికొచ్చేసింది. ఒకరోజు మాస్టారు గిన్నె పట్టుకుని గుమ్మంలోకి రాగానే అతనే ముందుగా, "ఇయ్యాల డైలూటెడ్డు కాదండి బాబూ, కొత్త గేదె ఈనింది" అన్నాడు.

మాస్టారి సంగతంతా ఇదే. ఏ ఇంగ్లీషు మాటనీ ఆయన ఒంటరిగా బయటికి పంపరు. నూకాలమ్మ జాతరకి పిల్లని పంపినట్టు, వెంట ఇంకో ఇద్దర్ని ఇచ్చి మరీ పంపుతారు. ఒక మాట ఎక్కువైతే కొట్టేసే పత్రికలో నాది ఉద్యోగం. అలాంటి నేను అనకాపల్లి గవరపాలెంలో ఆయన ఇంటి ముందు వాటాలో ఆరేళ్ళు అద్దెకున్నాను.

ఆయన ఓ హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. వెనక వరండాలో పదో తరగతి పిల్లలకి ట్యూషన్ చెప్పేవారు. పబ్లిక్ పరీక్షలో సినానిమ్స్‌కీ యాంటొనిమ్స్‌కీ మార్కులున్నాయి గనక, గ్రామరు ఎలా ఉన్నా వాటి మీద మాత్రం ఆయన ప్రాణం పెట్టేవారు. సినానిమ్స్‌కి ఆయన పెట్టిన పేరు తోడికోడళ్ళు.

"ఇల్లొకటే, అత్తగారొకరే, చేసే పనీ ఒకటే. అలాగని పెద్దకోడలు నిలబడాల్సిన చోట చిన్నకోడల్ని నిలబెట్టేరా, గొడవైపోతుంది. బిగ్ బ్రదర్ అంటే అన్నయ్య. లార్జ్ బ్రదర్ అంటే?"

"పెద్దన్నయ్య సార్!"

"కాదు. లావుపాటి తమ్ముడు."

యాంటొనిమ్స్‌ని కోర్టుకెక్కిన అన్నదమ్ములు అనేవారు. ఆ ఊళ్ళో ఇవి రెండూ ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఇంగ్లీషు వరండాలో ఆగితే బాగుండేది. ఓసారి ఇంట్లో ఫ్యూజు పోతే కరెంటాఫీసుకి ఫోన్ చేసి, "కరెంట్ లేదండీ. పవర్, ఎలక్ట్రిసిటీ" అన్నారు. అవతల పెద్దమనిషి మూడు కంప్లయింట్లు రాసుకున్నాడు. లైన్‌మన్ పైడిరాజు వచ్చి ఫ్యూజు వేసి, ఇంకా రెండు ఇళ్ళు ఎక్కడున్నాయో చెప్పమని వీధంతా తిరిగాడు.

చర్చిలో ప్రకటన చదవమంటే అంతే. "వచ్చే ఆదివారం ప్రేమవిందు. డిన్నర్, ఫీస్ట్, బాంకెట్" అన్నారు. ఆ ఆదివారం చిన్నమ్మలు గారు మూడు పూటల భోజనమనుకుని మనవల్నందర్నీ, ఒక చాపనీ వెంటబెట్టుకుని వచ్చారు. మాడుగుల వెళ్ళినప్పుడు ఇంకో తమాషా జరిగింది. హల్వా కొట్లో రుచి చూసి, "స్వీట్, షుగరీ, క్లోయింగ్" అన్నారు. కొట్టతను కంగారు పడి, "క్లోజింగు ఇప్పుడేటండీ బాబూ, రాత్రి తొమ్మిది దాకా తీసే ఉంటాది" అన్నాడు.

అందరికన్నా ఎక్కువ విన్న మనిషి ఆయన భార్య రోజలిన్ గారు. ఆవిడ ఓసారి నాతో, "పెళ్ళిచూపుల్లో నన్ను చూసి బ్యూటిఫుల్, లవ్లీ, ప్రెటీ అన్నారన్నయ్యగారూ. పొంగిపోయాను. పెళ్ళయ్యాక గదా తెలిసింది, ఈయన కాఫీకి కూడా మూడు చెబుతారని" అన్నారు.

ఇంతవరకూ ఎవరికీ నష్టం లేదు. నష్టం పావని విషయంలో జరిగింది.

పావనిది మునగపాక. తండ్రి నూకరాజుకి రెండెకరాల చెరకు, దాని పక్కన కాస్త కూరగాయల మడి. తల్లి మరిడమ్మ ఆ కూరగాయలు తెచ్చి అనకాపల్లి రైతుబజారులో అమ్మేది. పిల్ల లెక్కల్లో చురుకు, సైన్సులో ఇంకా చురుకు, ఇంగ్లీషు దగ్గరికొచ్చేసరికి బురదలో దిగిన బండి. అందుకే మాస్టారి దగ్గర ట్యూషన్‌లో చేర్చారు. పదో తరగతిలో హాఫ్‌ఇయర్లీ అయ్యాక ప్రోగ్రెస్ కార్డులో ఇంగ్లీషుకి ఎదురుగా ఎర్ర సిరాతో 'పూర్' అని రాశారు.

కార్డు పట్టుకుని బస్సెక్కిన నూకరాజు, పక్కన కూర్చున్న తాతబ్బాయిని దాని అర్థం అడిగాడు. తాతబ్బాయి తనకి తెలిసినంత చెప్పాడు. "పూర్ అంటే పేదోళ్ళు బావా. రేసన్ కార్డుల మీద ఉంటాది సూడు."

నూకరాజు ముందు బడికెళ్ళి హెడ్మాస్టరు గదిలో కేకలేశాడు. అక్కణ్ణించి సరాసరి మా ఇంటికొచ్చాడు. నేను గుమ్మంలో పేపరు చదువుకుంటున్నాను, పావని వెనక వరండాలో ట్యూషన్‌లో ఉంది.

"మేస్టారూ, నాకు రెండెకరాల సెరుకుంది. సొంత బోరుంది. ఎవుడికీ సెయ్యి సాపలేదు. నన్నట్టుకుని పేదోడని నా పిల్ల కార్డు మీద రాత్తారా? అదీ ఎర్ర సిరాతోటి?"

ఆ కార్డు రాసింది మాస్టారు కాదు. 'మిమ్మల్ని కాదు' అంటే అయిపోయేది. కానీ ఆయన కళ్ళద్దాలు సర్దుకున్నారు. అప్పుడే నాకు భయం వేసింది.

"కూర్చోండి నూకరాజు గారూ. పూర్ అంటే ఇక్కడ పేద కాదు. వీక్."

"అంటే ఏటి?"

"బలహీనం."

"ఎవులు బలహీనం?"

"అదే, ఫీబుల్. ఇన్‌ఫీరియర్."

"అంటే?"

"నాసిరకం అన్నమాట. మిజరబుల్ అని కూడా అనొచ్చు గానీ, మనం అంతదూరం వెళ్ళక్కర్లేదు."

నూకరాజు లేచి తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "బడిలో ఒక్క మాటే అన్నారు బాబూ. మీ కాడికొత్తే దానికి నలుగురు సుట్టాల్ని కూడా తెచ్చేరు. ఒలే పావనీ, పుస్తకాలు సద్దు. ఇంక ఈ గుమ్మం తొక్కేవంటే కాళ్ళిరగ్గొడతాను."

పావని పుస్తకాలు సర్దుకుంది. వెళ్తూ వెళ్తూ మాస్టారి వైపు చూసింది. మాస్టారు వరండా స్తంభం వైపు చూశారు.

మార్చిలో పరీక్షలు రాసింది. అన్నీ పాసై ఒక్క ఇంగ్లీషు తప్పింది. జూన్‌లో మళ్ళీ రాయవచ్చు, పాసైతే ఆ ఏడే ఇంటర్‌లో చేరవచ్చు. పిల్లకి బైపీసీ చదివి నర్సింగుకి వెళ్ళాలని ఉంది. నూకరాజు ససేమిరా అన్నాడు. ఇంగ్లీషు తమ ఇంటికి అచ్చిరాదని, ఒకసారి కార్డు మీద తిట్టించుకున్నది చాలదా అని. ఫీజు కట్టలేదు. మే నెలంతా పావని రైతుబజారులో తల్లి పక్కన తక్కెడ పట్టుకుని కూర్చుంది.

సరిగ్గా ఆ మే నెలలోనే మా ఇంట్లో వంకాయలు మొదలయ్యాయి.

మాస్టారు రోజూ పొద్దున్నే సంచీ పట్టుకుని బజారుకెళ్ళి వంకాయలు తెచ్చేవారు. మొదట కేజీ. తర్వాత కేజీన్నర. తర్వాత సంచీ చాలక బుట్ట. రోజలిన్ గారు గుత్తివంకాయ చేశారు, ఆవ పెట్టి చేశారు, కాల్చి పచ్చడి చేశారు, ఎండబెట్టి వరుగులు చేశారు. ఆ పైన గిన్నెలతో మా వాటాకి పంపడం మొదలెట్టారు. మా ఆవిడ మొహమాటానికి తీసుకునేది. నేను మొహమాటానికి తినేవాణ్ణి.

"ఆయనకి వంకాయ అంత ఇష్టమా అండీ?" అని అడిగాను.

"ముట్టుకోరన్నయ్యగారూ. దురద. అరణ్యంలో ఇశ్రాయేలీయులకి దేవుడు రోజూ తిండికి మన్నా కురిపించేడు, నాకు ఇవి కురిపిస్తున్నాడు. వాళ్ళు కూడా కొన్నాళ్ళకి సణిగేరు. నేనింకా సణగలేదు."

"మరి ఇన్నెందుకు కొంటున్నారు?"

"అడిగేను. నెసెసరీ, ఎసెన్షియల్, ఇండిస్పెన్సబుల్ అన్నారు. ఇంక ఏం అడుగుతాను?"

ఇంతలో మా ఆఫీసు నుంచి, కూరగాయల ధరల మీద చిన్న వార్త పంపమని కబురొచ్చింది. ఒక ఉదయం నేనూ రైతుబజారుకెళ్ళాను. టమాటా ధర రాసుకుంటుంటే పరిచయమైన గొంతు వినిపించింది. మరిడమ్మ దుకాణం ముందు మాస్టారు నిలబడి వంకాయని తిప్పి తిప్పి చూస్తున్నారు.

"ఇదేం కాయమ్మా? రాటెన్. స్పాయిల్డ్." ఆగి, దగ్గారు.

నేను తలెత్తాను. ఆరేళ్ళలో ఆయన రెండు మాటల దగ్గర ఆగడం నేనెప్పుడూ వినలేదు. మూడోది ఏమైంది?

మూడోది తక్కెడ వెనక నుంచి వచ్చింది. పావని తలెత్తకుండా గుండ్లు సర్దుతూ, "డికేయ్డ్" అంది.

"అరకేజీ ఎక్కువ వెయ్యమ్మా" అన్నారు మాస్టారు. ఇంకో కాయ తీశారు. "మరీ స్మాల్‌గా ఉంది. టైనీ." దగ్గు.

"లిటిల్" అంది పావని. అని, కాయని చేతిలోకి తీసుకుని చూసి, "ఇది చిన్నకాయ కాదు సార్, లేతకాయ. టెండర్ అనాలి" అంది.

మాస్టారు రెండు కేజీలు ఎక్కువ వేయించుకున్నారు.

మా ఇంట్లో వంకాయలు ఎందుకు పెరుగుతున్నాయో నాకప్పుడు అర్థమైంది. పిల్లకి ఇంగ్లీషు వస్తోంది. వచ్చినకొద్దీ మేం తింటున్నాం.

మరిడమ్మ మాత్రం చుట్టుపక్కల దుకాణాలవాళ్ళకి వినబడేలా గొణుగుతోంది. "ఇదేటి బేరమో తల్లీ. తిడతాడు, తిట్టిన కాయే కొంటాడు. పుచ్చుకాయలు ఏరుకునే మారాజుని నానెక్కడా సూళ్ళేదు."

అప్పుడే నూకరాజు బెండకాయల బస్తా భుజాన వేసుకుని వచ్చాడు. మాస్టారిని చూశాడు. బస్తా దించాడు. "ఏటిది మేస్టారూ? గుమ్మం తొక్కొద్దంటే బజార్లోకొచ్చి సెప్తన్నారా? మళ్ళీ నా పిల్లని ఏటంటన్నారు?"

"పిల్లని కాదు నూకరాజు గారూ. కాయని. డామేజ్డ్, ఇంపెర్‌ఫెక్ట్..."

"సుట్టాలొద్దు!" నూకరాజు అరిచాడు.

బజారు ఆగిపోయింది. కొనేవాళ్ళు చేతిలో కాయలు పట్టుకునే చూస్తున్నారు. అప్పుడు పావని లేచి నిలబడింది. మాస్టారు పక్కన పెట్టిన కాయల్లోంచి ఒకటి తీసి తండ్రి చేతిలో పెట్టింది.

"నాన్నా, ఈ కాయని ఇంగ్లీషులో పూర్ అంటారు."

"ఏటీ?"

"పూర్ క్వాలిటీ. అంటే కాయకి డబ్బుల్లేవనా?"

నూకరాజు కాయని అటూ ఇటూ తిప్పాడు. తొడిమ దగ్గర చిన్న రంధ్రం ఉంది. "కాయకి డబ్బులేటే? పుచ్చు."

"మరదే నాన్నా. కార్డు మీద రాసింది నా ఇంగ్లీషు గురించి. పుచ్చింది అదీ, మనం కాదు."

నూకరాజు భార్య వైపు చూశాడు. "నీకు తెలుసా ఈళ్ళిద్దరూ ఇక్కడ సదువుకుంటన్నారని?"

మరిడమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "నెల్రోజుల్నుంచి నా దుకాణం మీద జరిగేది నాకు తెలవకుండా ఉంటాదా? పుచ్చుకాయలు నానే ఏరి పైన పెడతన్నాను. మంచి కాయకి ఇంగిలీసు తక్కువ. పుచ్చుకాయకే ఎక్కువ మాటలున్నాయి."

పక్క దుకాణం వాళ్ళు నవ్వారు. నూకరాజు నవ్వలేదు. గోరుతో కాయని చీల్చి చూశాడు. పుచ్చు తొడిమ దగ్గరే ఉంది. మిగతా కాయ బాగానే ఉంది. దాన్ని బుట్టలో పడేసి మాస్టారి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"పరీచ్చ ఫీజుకి రేపే ఆకరు రోజంట. ఈ గుంట నాల్రోజుల్నుంచి అన్నం సరిగ్గా తినట్లేదు. ఒక్కటే అడుగుతాను, ఒక్క మాటలో సెప్పండి. ఒక్కటే మాట. రెండోది సెప్పేరంటే ఫీజు కట్టను. నా పిల్ల పాసా, ఫెయిలా?"

మాస్టారికి చెమట పట్టింది. ఆయన గొంతులో మాటలు వరసలో నిలబడి తోసుకోవడం నాకు కనిపిస్తూనే ఉంది. పావని తక్కెడ తాడు పట్టుకుని ఆయన నోటివైపు చూస్తోంది. టమాటాలావిడ బేరం మానేసి చూస్తోంది. బజారులో ఆయన్ని ఎరుగని మనిషి లేడు. ఒక్క మాటతో ఆపుతారని నమ్మే మనిషి కూడా లేడు.

"పాస్" అన్నారు.

అందరం ఆగాం. చుట్టాలు రాలేదు.

"పాస్, ఇంకేటి?" అన్నాడు నూకరాజు అనుమానంగా.

"ఇంకేం లేదు. పాస్."

"తప్పితే?"

"తప్పితే ఈ జన్మలో ఇంగ్లీషు మాట్లాడను."

ఈ మాటకి చుట్టుపక్కల దుకాణాలవాళ్ళలో కొందరి కళ్ళల్లో ఆశ మెరిసింది. పాలు పోసే అప్పారావుకి ఆ సాయంత్రమే కబురు వెళ్ళింది.

నూకరాజు అక్కడికక్కడే మరిడమ్మ దగ్గర డబ్బులు తీసుకుని పిల్లని వెంటబెట్టుకుని బడికెళ్ళాడు. మాస్టారూ నేనూ ఇంటిదారి పట్టాం. బుట్ట ఒక పక్క ఆయన, ఒక పక్క నేను. కొంత దూరం నడిచాక అడిగాను.

"పాస్‌కి తోడికోడళ్ళు లేరా మాస్టారూ?"

"ఎందుకు లేరు? క్లియర్, క్వాలిఫై, సక్సీడ్. అంతా నోటి దాకా వచ్చేరు."

"మరి?"

"ఆయన కార్డు పట్టుకుని వచ్చిన రోజున కూడా నాకు ఒక్క మాట సరిపోయేది. మీరు గుమ్మంలోనే ఉన్నారు గదా, విన్నారు. నేను నాలుగు చెప్పేను, పిల్ల ట్యూషన్ పోయింది. ఆ నాలుగూ తిరిగి అప్పజెప్పాలంటే బజారుకి వెళ్ళక తప్పలేదు." బుట్ట చెయ్యి మార్చుకున్నారు. "ఒక మాట మర్చిపోతే ఇంకోటి చేతిలో ఉండాలండీ రిపోర్టరు గారూ. పరీక్ష హాల్లో పిల్ల ఒక్కత్తే ఉంటుంది. ఎవరో ఒకరు తోడుండాలా, వద్దా?"

ఆ మర్నాటి నుంచి పావని మళ్ళీ వరండాలోకి వచ్చింది. మాస్టారు బజారు మానేశారు. రోజలిన్ గారు ఆ ఆదివారం బంగాళాదుంప వండి, మా వాటాకి కూడా ఒక గిన్నె పంపారు.

జూన్‌లో పరీక్ష జరిగింది. సినానిమ్స్ అన్నీ రాశానని పావని చెప్పింది. ఒక ప్రశ్నకి ఒకటి అడిగితే మూడు రాసొచ్చిందట. అది విని మాస్టారు తలపట్టుకున్నారు. "ఒకటే రాయాలమ్మా! దిద్దేవాడు ఏది చూస్తాడు?" అన్నారు. ఈ మాట ఆయన నోటి నుంచి రావడం విన్న రోజలిన్ గారు వంటింట్లోంచి బయటికొచ్చి, ఆయన్ని ఓసారి కిందనుంచి పైదాకా చూసి, మళ్ళీ లోపలికెళ్ళారు.

ఫలితాలు వచ్చిన రోజు నూకరాజు నెట్ సెంటర్లో చెమటలు కక్కుతూ గంటసేపు నిలబడ్డాడు. కాగితం చేతికి రాగానే దాన్ని మాస్టారికి తెచ్చిచ్చి, తను చదవకుండా పక్కకి తిరిగి నిలబడ్డాడు. పాస్ కావడానికి ముప్పై అయిదు రావాలి. పావనికి నలభై ఒకటి వచ్చాయి.

మూడో రోజున తండ్రీ కూతుళ్ళు జూనియర్ కాలేజీలో అప్లికేషన్ ఇవ్వడానికి వెళ్ళారు. క్లర్కు తలెత్తకుండా, "గ్రూపేంటి?" అని అడిగాడు.

నూకరాజు ఛాతీ విరుచుకుని, "బీ పాజిటివు" అన్నాడు.

పావని ముందుకి వంగి, "బైపీసీ సార్" అంది. క్లర్కు రాసుకున్నాడు. క్లాసులు సోమవారం నుంచి.